అంచనా వేసే చేతికీ ఒక పిలుపుంది

శిష్యత్వానికి ఎంత వెల చెల్లించాలో చెప్పడానికి యేసుప్రభువు గోపురం కట్టేవాడి ఉపమానాన్ని ఎంచుకున్నాడు (లూకా 14:28-30). పునాదితో ఆగిపోయిన కట్టడాన్ని చూసి ఊరంతా నవ్వుతుందని హెచ్చరించాడు. ఈ వాక్యంపై ఎన్నో ప్రసంగాలు విన్నాం. అయితే ఇందులో ఉన్నది నిర్మాణపు ఖర్చు లెక్కవేసే పని అని ఎప్పుడైనా గమనించామా? నేడు కంపెనీల్లో సీనియర్ ఎస్టిమేటర్ చేసే పని అదే. వడ్రంగి ఇంట పెరిగిన ప్రభువుకు ఆ పని విలువ తెలుసు.

ఉదయగిరి, ఆత్మకూరు మెట్ట ప్రాంత సంఘాల్లో బేల్దారి మేస్త్రీలున్నారు, కూలీలున్నారు. ఇంజనీరింగ్ చదివి హైదరాబాదులో, బెంగుళూరులో, గల్ఫ్‌లో అంచనాలు వేస్తున్న బిడ్డలూ ఉన్నారు. వారి పని తేలికైనది కాదు. ప్లాను చూసి మట్టి తవ్వకం, కంకర, ఇనుము, సిమెంటు, కూలి అన్నీ లెక్కకట్టాలి. పెన్నకు దగ్గరైన ఆత్మకూరులో ఇసుక తోలే ఖర్చు ఒకటి, కొండ కింది ఉదయగిరికి తోలే ఖర్చు మరొకటి. తడి ఇసుక ఉబ్బి కొలతను మోసం చేస్తుంది. ఎం-20 రకం కాంక్రీటు ఒక ఘనమీటరుకు సుమారు 8 బస్తాల సిమెంటు కావాలి. ఇన్నీ వేశాక అనుకోని ఖర్చులకూ కొంత శాతం ఉంచాలి.

శోధన వచ్చేది ఇక్కడే. టెండరు దక్కాలి, కొంచెం తగ్గించి రాయమంటాడు యజమాని. కాగితం మీద తగ్గిన ఖర్చు నిజంగా తగ్గదు. దాన్ని ఎవరో ఒకరు మోయాలి. 8 బస్తాలు పడవలసిన చోట 6 పడతాయి. కూలీకి రావలసిన డబ్బు నెలల తరబడి ఆగిపోతుంది. చివరికి ఆ స్లాబు కింద నిద్రపోయే కుటుంబం తనకు తెలియకుండానే మూల్యం చెల్లిస్తుంది. పంచుకోవడానికి ఎక్కువ రాసినా పాపమే, అది ప్రజల సొమ్ము. సంచిలో రెండు రకాల తూనికరాళ్లు ఉంచుకోవద్దన్న ఆజ్ఞ (ద్వితీ. 25:13) కిరాణా అంగడికే కాదు, అంచనా పట్టికకూ వర్తిస్తుంది. ఇంటికి పిట్టగోడ కట్టి ప్రాణాలు కాపాడమన్న దేవుడు (ద్వితీ. 22:8) కట్టడంలోని సిమెంటును పట్టించుకోడా?

ప్రత్యక్ష గుడారానికి వాడిన 29 మణుగుల 730 తులాల బంగారం లెక్క నిర్గమకాండం 38లో రాసి ఉంది. దేవుని మందిరానికే లెక్క ఉన్నప్పుడు మన పనులకు వద్దనగలమా?

ఈ జిల్లా చరిత్రలోనూ ఒక సాక్ష్యం ఉంది. ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఉన్న రోజులవి. మిషనరీ జాన్ క్లౌ అమెరికాలో సర్వేయరుగా పనిచేసిన మనిషి. 1877 కరువులో బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో 3.5 మైళ్లు కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్న వేలమందికి పని కల్పించాడు. బోధకులనే పని మీద ఉంచాడు. కూలి కోసం ఎవరూ బాప్తిస్మానికి రాకూడదని ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఆపాడు. 1878 జులై 3న వెల్లంపల్లిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. మట్టి కొలతలోనే కాదు, సంఘం లెక్కలోనూ ఆయన నిజాన్నే కోరుకున్నాడు.

మరి మన సంఘాల మాటేమిటి? 'విశ్వాసంతో మొదలుపెడదాం, మిగతాది దేవుడే చూసుకుంటాడు' అని అంచనా లేకుండా మందిరాలకు పునాదులు వేస్తున్నాం. ఏళ్ల తరబడి తుప్పు పట్టిన ఇనుప చువ్వలు ఆకాశం వైపు చూస్తున్నాయి. కూలీల బాకీ తీరకముందే ప్రతిష్ఠ ఆరాధన జరిపేస్తున్నాం. ఇది విశ్వాసం కాదు. అన్యాయంగా ఇల్లు కట్టుకుని జీతమివ్వనివాడికి శ్రమ తప్పదని యిర్మీయా ప్రవక్త హెచ్చరించాడు (22:13). ఆ మాట మందిరాలు కట్టే కమిటీలకూ వర్తిస్తుంది. పునాదికి ముందే అంచనాను, ప్రతిష్ఠకు ముందే ఖర్చును సంఘం ఎదుట చదివి వినిపించాలి.

ప్రియులారా, పాటలు పాడేవారి కోసం, ప్రసంగించేవారి కోసం ప్రార్థిస్తున్నాం. తప్పుడు అంకె రాయనని యజమానికి చెప్పి ఉద్యోగం పోతుందేమోనని భయపడుతున్న యువకుని కోసం ఎప్పుడైనా ప్రార్థించామా? అతడు ఒంటరి కాకూడదు. అతని కుటుంబానికి సంఘం అండగా నిలవాలి. అతడు నిజాయితీగా రాసిన ఒక్క అంకె ముక్కూ మొహం తెలియని కూలీకి అన్నం పెడుతుంది, ఒక పసిబిడ్డ తల మీద కప్పును నిలబెడుతుంది. పొరుగువాణ్ణి ప్రేమించడమంటే ఇదే.