టైడప్ అంటే ఎవర్రా కట్టేసింది?

మొన్నామధ్య ఆలమూరు నుంచి నాన్న ఫోన్ చేశారు. నేను హైదరాబాద్‌లో, రిలీజ్ కాల్‌లో ఉన్నాను. మ్యూట్ నొక్కి "నాన్నా, టైడప్ అయి ఉన్నా, మళ్ళీ చేస్తా" అన్నాను. అవతల రెండు సెకన్లు నిశ్శబ్దం. తర్వాత "ఎవర్రా కట్టేసింది?" అన్నారు. నవ్వేసి పెట్టేశాను.

ఆయన చేసింది కంటి ఆపరేషన్ తేదీ గురించి. గురువారమా, సోమవారమా చెప్పమని డాక్టరు గారు అడిగారట. నేను మళ్ళీ ఫోన్ చెయ్యలేదు. గురువారం పొద్దున్నే పక్కింటి బాబాయిని తోడు తీసుకుని రాజమండ్రి వెళ్ళి చేయించేసుకున్నారు. నాకు శనివారం తెలిసింది. "ఒక్క మాట చెప్పొచ్చు కదా నాన్నా" అని ఎగిరాను.

"బిజీ అన్నావు. ఎప్పటిదాకానో చెప్పలేదు కదరా" అన్నారు. ఆ గొంతులో కోపం కూడా లేదు. అదే ఇంకా గుచ్చుకుంది.

అప్పట్నుంచీ మనం ఆఫీసులో రోజూ వాడే మాటల్ని కాస్త చెవి పెట్టి వింటున్నాను. ఐయామ్ స్వాంప్డ్. స్నోడ్ అండర్. అప్ టు మై నెక్. మై ప్లేట్ ఈజ్ ఫుల్. నో బ్యాండ్‌విడ్త్.

స్నోడ్ అండర్ అంటే మంచులో కూరుకుపోవడం. మా ఊళ్ళో మంచంటే సంక్రాంతి పొద్దున్న పొలాల మీద కమ్మే పొగమంచే, తొమ్మిదయ్యేసరికి పోతుంది :) ఇక స్వాంప్డ్ అంటే నీళ్ళలో మునిగిపోవడం. గౌతమి ఒడ్డు వాళ్ళకి ఇది అలంకారం కాదు. 1986 ఆగస్టు వరద చూసినవాళ్ళు ఇంకా ఊళ్ళో ఉన్నారు, 2022 జూలైలో లంక గ్రామాలు రోజుల తరబడి నీళ్ళలో ఉండటం మనమే చూశాం. పీకల్లోతు నీళ్ళంటే ఏమిటో వాళ్ళకి తెలుసు. నేను ఏసీ గదిలో ఆరు జిరా టికెట్లు పెట్టుకుని అదే మాట అంటున్నాను!

బ్యాండ్‌విడ్త్ సంగతి మనకి చెప్పక్కర్లేదు. మొదట అది హెర్ట్జ్‌లలో కొలిచే ఫ్రీక్వెన్సీల వెడల్పు, తర్వాత డేటా వేగానికి వాడుక మాటయింది, ఇప్పుడు మనిషికి అంటించాం. పైపు ఎంత లావో చెప్తుందే గానీ, ఆ పైపు నిండా దేన్ని పోసుకుంటున్నానో చెప్పదు.

గమనించారా? వీటిలో చాలావాటిల్లో "నేను" ఏమీ చెయ్యలేదు. ఎవరో కట్టేశారు, ఎవరో ముంచేశారు, ఎవరో నా కంచం నింపేశారు. కుదరదని చెప్పింది నేనే, కానీ తప్పు మాత్రం నాది కాదు. భలే సౌకర్యం!

మన భాషలో చెప్పాలంటే ఇది 503. సర్వర్ ఊపిరాడనంత లోడ్‌లో ఉంటే "సర్వీస్ అన్‌అవెయిలబుల్" అంటుంది. కానీ దానితో పాటు "రిట్రై ఆఫ్టర్" అనే హెడర్ పంపే వీలు 1999 నాటి హెచ్‌టీటీపీ 1.1 ప్రమాణంలోనే ఉంది. ఇన్ని సెకన్ల తర్వాత రా, లేదా ఫలానా టైముకి రా అని. నేను నాన్నకి పంపింది ఆ హెడర్ లేని 503.

మా ఊళ్ళో కొబ్బరి దింపు తీసే ఆయన్ని పిలిచి చూడండి. "ఇయ్యాళ ఖాళీ లేదండి, మంగళారం పొద్దున్నే వచ్చేస్తానండి, ఆయ్" అంటాడు. హెడర్‌తో సహా చెప్తాడు :) ఊడ్పుల్లో ఉన్న రైతుని కదిలిస్తే "ఈ నాలుగెకరాలూ అయిపోనీ, వస్తా" అంటాడు. పని ఏమిటో, ఎప్పుడు తెములుతుందో రెండూ ఆ మాటలోనే ఉంటాయి.

అలా అని తెలుగు గొప్ప, ఇంగ్లీషు చెడ్డ అనను. కిరాణా కొట్లో "నేడు నగదు, రేపు అరువు" బోర్డు మనదే, దెయ్యాన్ని తిప్పి పంపడానికి తలుపు మీద "ఓ స్త్రీ రేపు రా" అని రాసిందీ మనమే. అబద్ధపు హెడర్లు మనమూ పంపాం. అటు ఇంగ్లీషులోనూ "టైడప్ టిల్ ఫైవ్" అని శుభ్రంగా చెప్పొచ్చు. మనం మాత్రం మొదటి సగమే నేర్చుకున్నాం, ఎందుకంటే రెండో సగంలో బాధ్యత ఉంది. అయిదింటికి అన్నాక అయిదింటికి ఫోన్ చెయ్యాలి.

ఆఫీసులోనూ అంతే. కొత్తగా చేరిన కుర్రాడు కోడ్ రివ్యూ అడిగితే "నో బ్యాండ్‌విడ్త్" అంటాం. వాడు మళ్ళీ అడగడానికి మొహమాటపడి, రివ్యూ లేకుండానే ఎలాగో తోసేస్తాడు. "గురువారం మధ్యాహ్నం చూస్తా" అనడానికి ఎంత సేపు పడుతుంది? అసలు చూడలేకపోతే "నా వల్ల కాదు, ఇంకొకర్ని అడుగు" అనడం కూడా మర్యాదే. వాడి దారి వాడు చూసుకుంటాడు.

మా నాన్నా అదే చేశారు, ఆయన దారి ఆయన చూసుకున్నారు. నేనే అక్కడ లేను.

ఆ ఆదివారం వెళ్ళాను. రాత్రి బస్సుకి జొన్నాడలో దిగి, ఆటోలో ఇంటికి. నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని అరుగు మీద కూర్చుని ఉన్నారు. "కట్లు విప్పేశార్రా?" అన్నారు నవ్వుతూ.

రెండో కంటికీ ఆపరేషన్ ఉంది. తేదీ ఈసారి నేనే అడిగి రాసుకున్నాను. మీరు ఆఖరిసారి ఇంట్లో వాళ్ళకి "బిజీ" అన్నప్పుడు, ఎప్పటిదాకానో చెప్పారా?