ఒడ్డున ఉన్నవాళ్లనూ లెక్కలో రాయించండి

ఉత్తరాంధ్ర తీరపు ఊళ్లలో పుట్టి, నాలుగక్షరాలు నేర్చి, ఇవాళ ఎక్కడ ఉద్యోగం చేసుకుంటున్నా సరే, ఆ పిల్లలందరికీ ఈ విజ్ఞప్తి. సముద్రంతో సంబంధం లేకపోయినా వారానికొకసారి చేప కొని తినే శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ, అనకాపల్లి జిల్లాల వారికి కూడా.

మత్స్యకారులకు ప్రభుత్వం ఏమీ చేయడం లేదని నేను అనను. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మన తీరంలో వేట నిషేధం. ఆ రోజులకిచ్చే భృతి ఒకప్పుడు 4 వేలు, 2019లో 10 వేలు, 2025 ఏప్రిల్ 26న మన శ్రీకాకుళం జిల్లా బుడగట్లపాలెంలోనే ముఖ్యమంత్రి చేతుల మీదుగా 20 వేలు అయింది. డీజిల్ మీద రాయితీ ఉంది. మత్స్యకారులకు యాభై ఏళ్లకే పింఛను ఉంది. ఇవన్నీ అడిగి, పోరాడి తెచ్చుకున్నవి. కాపాడుకోవాలి. నా బాధల్లా ఒకటే. ఈ సాయంలో ఎక్కువ భాగం బోటును చూసి వస్తుంది. బోటుకు రిజిస్ట్రేషన్ ఉండాలి, ఆ బోటు సిబ్బంది జాబితాలో పేరుండాలి. చేప ఒడ్డుకు చేరాక దాన్ని నమ్ముకుని బతికేవాళ్లు ఆ జాబితాలో ఉండరు.

హార్బరు లేని ఏ పల్లెకైనా, బందరువానిపేటకో బారువకో, తెల్లవారుజామున వెళ్లి చూడండి. తెప్ప ఇసుకకు తగలగానే పదిమంది భుజాలు పెట్టి పైకి నెడతారు. ఇంజను విప్పి కర్రకు కట్టి ఇద్దరు మోసుకుపోతారు. చేప కుప్ప పోయగానే వేలం పాట మొదలవుతుంది. పాడేవాళ్లలో ఆడవాళ్లు చాలామంది. వాళ్ల కొంగున ఉన్న డబ్బు తరచుగా వడ్డీకి తెచ్చినదే. ఐసు దొరికితే పచ్చి చేప తట్టకెత్తుకుని ఆటోలో పట్నం పోతారు. దొరకకపోతే ఎండబెట్టడం తప్ప దారి లేదు. నెత్తళ్లు, కవళ్లు ఇసుక మీదే పరుస్తారు. మధ్యాహ్నం ఒక్క జల్లు కురిస్తే ఆ సరుకు నల్లబడుతుంది, ఇసుక అంటుకుంటుంది, రెండోరోజుకు పురుగు పడుతుంది. షావుకారు ధర సగానికి దించేస్తాడు. అప్పు మాత్రం సగానికి దిగదు. దీనికి మందు పెద్ద ఫ్యాక్టరీ కాదు. మోకాలి ఎత్తున ఒక సిమెంటు గట్టు, మీద కప్పడానికి పట్టాలు, పక్కన కడగడానికి మంచినీళ్ల కుళాయి. ఇంతే.

వేట లేని 61 రోజులూ చేపలమ్మే ఆడమనిషికి అమ్మకమూ లేదు. ఇంట్లో బోటెక్కే మగమనిషి ఉంటే భృతి వస్తుంది. భర్త పోయిన ఆడమనిషికి, కొడుకులు దూరమైన ముసలమ్మకు ఆ భృతిలో పైసా రాదు. 2023 నవంబరులో విశాఖ చేపల రేవులో బోట్లు కాలిపోయినప్పుడు, ఆ బోట్ల విలువలో 80 శాతం పరిహారం ప్రకటించారు. న్యాయమే. కానీ ఆ బోట్లు తెచ్చే చేప మీద బతికే తట్టమోత ఆడవాళ్లు, ఐసు కొట్టేవాళ్లు, వల బాగుచేసేవాళ్లు తాము ఏం పోగొట్టుకున్నారో చూపించడానికి ఏ కాగితం ఉంటుంది? వాళ్లను ముందుగా ఎక్కడైనా రాసి ఉంచితే కదా!

వలస వెళ్లిన వాళ్లది ఇంకో చిక్కు. శ్రీకాకుళం జిల్లాకు 193 కిలోమీటర్ల తీరం ఉన్నా, మర బోటు నిలిపేందుకు సరైన రేవు లేక వేల మంది గుజరాత్‌లోని వెరావల్ పోతున్నారు. 2018 చివర అలా వెళ్లినవాళ్లలో కొందరు పాకిస్తాన్‌కు చిక్కి, 2020 జనవరి దాకా జైల్లో మగ్గి వాఘా మీదుగా ఇల్లు చేరారు. అదే ఏడాది లాక్‌డౌన్‌లో వేల మంది అక్కడ బోట్లలోనే చిక్కుకుంటే బస్సులు వేసి తెచ్చారు. పడమటి తీరంలో నిషేధం మొదలయ్యేది జూన్ 1న. మన దగ్గర ఏప్రిల్‌లో పేర్లు రాసుకునేటప్పుడు వాళ్లు ఇంకా అరేబియా సముద్రంలో ఉంటారు. ఇక్కడి జాబితాలో ఉండరు, అక్కడివాళ్లు కారు. వీళ్ల పేర్లు జూన్‌లో, ఊరికి తిరిగొచ్చాక, విడిగా రాయాలని ప్రభుత్వాన్ని కోరుతున్నాను.

బుడగట్లపాలెం హార్బరుకు 2023 ఏప్రిల్ 19న, మూలపేట పోర్టుతో పాటే శంకుస్థాపన జరిగింది. ఓడల పోర్టు ఎంత పెద్దదైనా తెప్పకు రేవు కాదు. ప్రభుత్వ పెద్దలారా, హార్బరు పని ఏ తేదీకి పూర్తవుతుందో ఊళ్లో బోర్డు పెట్టి చెప్పండి. హార్బరు వచ్చేదాకా ఆగకుండా, చేప దిగే ప్రతి ఊరికీ ఎండబెట్టే గట్లు, ఒక చిన్న ఐసు ప్లాంటు, ఆడవాళ్లకు మరుగుదొడ్డి ఇవ్వండి. రాత్రి రెండింటికే ఒడ్డుకు వచ్చే ఆడవాళ్లకు మరుగుదొడ్డి లేకపోవడం మనందరికీ సిగ్గుచేటు.

ఇక చదువుకున్న మీతో అసలు మాట. ఒడ్డున ఉన్నవాళ్లకు పథకాలు బొత్తిగా లేవనుకోకండి. పీఎం విశ్వకర్మలోని 18 వృత్తుల్లో పడవ చేసేవాళ్లు, చేపల వల చేసేవాళ్లు ఉన్నారు. పనిముట్లకు 15 వేలు, తర్వాత రెండు విడతల్లో 3 లక్షల దాకా 5 శాతం వడ్డీకి అప్పు, తాకట్టు లేకుండా. ఎండు చేప, పచ్చడి, పొడి తయారుచేసే చిన్న యూనిట్లకు కేంద్రం తెచ్చిన సూక్ష్మ ఆహార పరిశ్రమల పథకంలో ఖర్చులో 35 శాతం, 10 లక్షల వరకు రాయితీ ఉంది. మత్స్య సంపద యోజన యూనిట్లలో ఆడవాళ్లకు రాయితీ 60 శాతం. పట్నంలో కూర్చుని చేప అమ్మే పల్లె ఆడవాళ్లకు వీధి వ్యాపారుల అప్పు పథకం వర్తిస్తుంది, మున్సిపాలిటీ సిఫార్సు లేఖ తెచ్చుకుంటే. మత్స్యకారులకు కిసాన్ క్రెడిట్ కార్డు కూడా ఇస్తారు. నెలకు నూటికి మూడు రూపాయల వడ్డీ కట్టే మనిషికి ఇవి చిన్న విషయాలు కావు.

మరి ఎందుకు అందడం లేదు? ఫారం ఆన్‌లైన్‌లో. ఓటీపీ వచ్చే ఫోను కొడుకు దగ్గర, కొడుకు వెరావల్‌లో. ఆధార్‌లో ఇంటిపేరు ఒకలా, బ్యాంకు పుస్తకంలో ఇంకోలా. బ్యాంకు మేనేజరు కొటేషన్ అడిగితే అదేమిటో చెప్పేవాళ్లుండరు. రెండుసార్లు తిప్పితే ఆ మనిషి మూడోసారి షావుకారు గడపే తొక్కుతుంది. ఆమెకు ఒక రోజు తిరగడమంటే ఒక రోజు బేరం పోవడం.

ఈ పని మీరు చేయగలరు. సంక్రాంతికి ఊరొచ్చినప్పుడు రెండు రోజులు ఎక్కువ ఉండండి. గ్రామ సచివాలయంలోని మత్స్య సహాయకుడిని వెంటబెట్టుకుని, ఒడ్డున పనిచేసే ప్రతి ఒక్కరి పేరూ, ఏ పని చేస్తారో సహా, ఒక పుస్తకంలో రాయండి. ఆధార్ తేడాలు సరిచేయించండి. ఎవరికి ఏ పథకం సరిపోతుందో చూసి దరఖాస్తు పెట్టించి, రసీదు వాళ్ల చేతికివ్వండి. ఆ జాబితా కాపీ పంచాయతీకి, మత్స్యశాఖ కార్యాలయానికి, మీ ఎమ్మెల్యేకు అందించి సంతకం తీసుకోండి. డ్వాక్రా సంఘాల అక్కలు తోడొస్తే పని ఇంకా తేలిక. తీరంతో సంబంధం లేనివారు కనీసం ఇది చేయండి: మీరు చేప కొనే అమ్మకు వీధి వ్యాపారి కార్డు ఉందో లేదో అడగండి, లేకపోతే మున్సిపాలిటీకి మీరే తీసుకెళ్లండి.

వచ్చే ఏప్రిల్ 15కు, వేట ఆగే రోజుకు, ఉత్తరాంధ్ర తీరంలోని ప్రతి ఊరి జాబితా అధికారుల బల్ల మీద ఉండాలి. మీ ఊరిది మీరే రాయండి.