మీటలు మారితే ఆపరేటర్లకు చిక్కే
వేళ్ల అలవాటుకు విలువ కట్టేదెవరు?

మండల కేంద్రాల్లోని డీటీపీ దుకాణాల్లోనూ, ప్రభుత్వ కార్యాలయాల్లోనూ అనుభవమున్న కంప్యూటర్ ఆపరేటర్లు తెర వంక చూస్తారే తప్ప మీటల వంక చూడరు. ఏళ్ల తరబడి సాధనతో వేళ్లే దారి వెతుక్కుంటాయి. పేజీ లెక్కన డబ్బు తీసుకునే వారికి ఆ వేగమే జీవనాధారం. అలవాటైన మీటల పనిని సాఫ్ట్‌వేర్ సంస్థలు మార్చివేస్తే ఆ నష్టాన్ని ఎవరు భరించాలన్నది ఆలోచించవలసిన విషయం.

మైక్రోసాఫ్ట్ వర్డ్‌లో జరిగిన మార్పే ఇందుకు నిదర్శనం. ఒక శీర్షిక అక్షరాల రూపాన్ని మరొక శీర్షికకు అద్దేందుకు కంట్రోల్, షిఫ్ట్, వి మీటలను కలిపి నొక్కడం పాత పద్ధతి. 2023లో ఆ సంస్థ అవే మీటలను హంగులు లేని వట్టి పాఠాన్ని పేస్ట్ చేసే పనికి కేటాయించింది. పాత పనిని కంట్రోల్, ఆల్ట్, వి మీటలకు అప్పగించింది. ఇంటర్నెట్ బ్రౌజర్లలోనూ ఇదే పద్ధతి ఉన్నందున కొత్తగా నేర్చుకునే వారికి ఇది సౌలభ్యమే.

చిక్కంతా పాతవారికే. పూర్వపు అలవాటుతో శీర్షికను ఎంపిక చేసి ఆ మీటలు నొక్కితే రూపం మారకపోగా, శీర్షికే చెరిగిపోయి అంతకుముందు కాపీ చేసిన పాఠం ఆ స్థానంలో చేరుతుంది. వెంటనే గమనిస్తే కంట్రోల్, జడ్ మీటలతో సరిదిద్దుకోవచ్చు. గమనించకుంటే దస్తావేజులో ఒకరి పేరు ఉండవలసిన చోట మరొకరి పేరు అచ్చయ్యే ప్రమాదం ఉన్నది. పనిచేయని మీట కన్నా వేరే పని చేసే మీటతోనే ముప్పు ఎక్కువ.

ఆఫీస్ 2007లో పాత మెనూలను తొలగించి రిబ్బన్‌ను ప్రవేశపెట్టినపుడు ఇదే సంస్థ ఎక్సెల్‌లో ఆల్ట్, ఇ, ఎస్ వంటి పాత వరుసలను యథాతథంగా పనిచేయనిచ్చింది. అటువంటి వెసులుబాటు ఇక్కడ కొరవడింది.

అయితే మార్గం లేకపోలేదు. వర్డ్‌లో ఫైల్, ఆప్షన్స్, కస్టమైజ్ రిబ్బన్ ద్వారా వెళ్లి, కీబోర్డు షార్ట్‌కట్స్ పక్కనున్న కస్టమైజ్‌ను నొక్కితే మీటలకు పాత పనిని తిరిగి అప్పగించవచ్చు. ఉచితంగా లభించే లిబ్రే ఆఫీస్‌లో టూల్స్, కస్టమైజ్ ద్వారా చేసుకున్న మార్పులను ఫైలుగా భద్రపరచి మరో కంప్యూటర్‌లోకి తీసుకోవచ్చు. ఎక్సెల్‌లో మాత్రం ఇంత సులువైన ఏర్పాటు లేదు.

ఒకే యంత్రంపై ఇద్దరు ముగ్గురు పనిచేసే చోట ఒకరి సౌకర్యం మరొకరికి ఇబ్బంది కాకూడదు. అందరూ కలిసి ఒక పద్ధతిని నిర్ణయించుకుని, ఆ మీటల జాబితాను యంత్రం పక్కనే అంటించుకోవడం మేలు. మార్పు తెచ్చే సంస్థలు సైతం పాత పద్ధతిని ఎంచుకునే అవకాశాన్ని తొలిరోజే తెరపై చూపవలసిన అవసరం ఎంతైనా ఉన్నది.