మార్కులు వేయని వార్డెన్ కావాలి

"ఇంటికి మాత్రం ఫోన్ చేయకండి మేడం." ఆడపిల్లల హాస్టల్‌కు వార్డెన్‌గా పనిచేసిన కాలంలో నేను అన్నిటికంటే ఎక్కువగా విన్న మాట ఇదే. జ్వరం తగ్గక సెలైన్ ఎక్కించుకుంటున్న పిల్ల అన్నది. రెండు సబ్జెక్టులు పోయి, మెస్‌కు దిగడమే మానేసిన పిల్ల అన్నది. తోటి విద్యార్థి ఒకడు బస్టాండ్ నుంచి క్యాంపస్ దాకా రోజూ వెంటపడుతున్నాడని చెప్పుకోవడానికి వచ్చిన పిల్లయితే, అసలు విషయం ఎత్తకముందే ఈ మాట అని, నేను సరేనన్నాకే కూర్చుంది.

ఆ పిల్లల అమ్మానాన్నలు చెడ్డవాళ్లేం కాదు. చాలామంది కూలికో నాలికో పోయి బిడ్డను యూనివర్సిటీ దాకా పంపినవాళ్లు. కానీ ఫోన్ వెళ్తే ఏమవుతుందో పిల్లకు తెలుసు. తెల్లారేసరికి నాన్న బస్సు దిగుతాడు. అమ్మ ఏడుస్తుంది. మేనమామ "చదివింది చాల్లే" అంటాడు. సెల్‌ఫోన్ లాక్కుంటారు, సంబంధాలు వెతకడం మొదలుపెడతారు. వెంటపడ్డవాడు మాత్రం మర్నాడు కూడా క్యాంటీన్ దగ్గరే నిలబడి ఉంటాడు. ఈ లెక్కంతా ఆ పిల్ల మనకంటే ముందే వేసుకుంటుంది. వేసుకుని నోరు మూసుకుంటుంది.

యూనివర్సిటీలో విద్యార్థికి కావలసిన మొదటి రక్షణ, తన కష్టం చెప్పుకున్నందుకు తను నష్టపోకుండా ఉండటం. గోడల ఎత్తు, సీసీ కెమెరాలు, గేటు దగ్గర ఔటింగ్ రిజిస్టర్ ఇవన్నీ ఆ తర్వాతే. వాటిని తీసిపారేయమని అనను. లైబ్రరీ నుంచి హాస్టల్‌కు వచ్చే దారిలో దీపాలు వెలగకపోతే ఆ దారిన నడిచే పిల్లకు ఎంత భయమో నాకు తెలుసు. ఆ దీపాల కోసం ఇంజినీరింగ్ సెక్షన్ చుట్టూ తిరిగాను కూడా. కానీ నా దృష్టికి వచ్చిన పెద్ద ప్రమాదాల్లో కెమెరా పట్టిచ్చింది ఒక్కటీ లేదు. ప్రతిదీ ఎవరో ఒకరు వచ్చి చెబితేనే తెలిసింది. కొన్నిసార్లు రూమ్‌మేట్లు చెప్పారు, కొన్నిసార్లు మా ఆయాలు చెప్పారు. ఆ పిల్లే స్వయంగా వచ్చి చెప్పడం మాత్రం అరుదు.

చెప్పుకునే చోట ఎవరున్నారో చూడండి. నాకు తెలిసిన రాష్ట్ర యూనివర్సిటీల్లో వార్డెన్ అంటే ఒక అసిస్టెంట్ ప్రొఫెసర్. పాఠాలు, పరీక్షల డ్యూటీ, పీహెచ్‌డీ స్కాలర్లు, న్యాక్ ఫైళ్లు, వీటన్నిటి మీద అదనపు బాధ్యతగా హాస్టల్. నెలకు కొద్దిపాటి అలవెన్సు. కాపురం ఊళ్లో. రాత్రి తొమ్మిది దాటాక హాస్టల్‌లో మిగిలేది గేటు దగ్గర వాచ్‌మన్, లోపల ఒక ఆయా. దానికి తోడు, ఆ వార్డెనే తెల్లారితే క్లాసులో ఇంటర్నల్ మార్కులు వేసే మనిషి. ప్రాజెక్టు గైడ్ వేధిస్తున్నాడని చెప్పుకుందామని ఒక పిల్ల వస్తుంది. ఎదురుగా, ఆ గైడ్‌తో కలిసి బోర్డ్ ఆఫ్ స్టడీస్ మీటింగుల్లో కూర్చునే సహోద్యోగి ఉంటుంది. ఆ పిల్లకు నోరెలా పెగులుతుంది? నేనూ అలాంటి వార్డెన్‌నే. నా డిపార్ట్‌మెంట్ పిల్లలు నా గది గుమ్మం దాకా వచ్చి "ఏం లేదు మేడం, ఊరికే" అని వెళ్లిపోయేవాళ్లు. పక్క డిపార్ట్‌మెంట్ పిల్లలు అదే గదిలో గంటసేపు కూర్చుని ఏడ్చేవాళ్లు. వాళ్ల మార్కులు నా చేతిలో లేవు మరి.

దీన్ని సరిచేయడానికి కొత్త చట్టం అక్కర్లేదు. ర్యాగింగ్ నిరోధానికి యూజీసీ 2009లో తెచ్చిన నిబంధనలు ఆ సంగతి ఎప్పుడో చెప్పాయి. ప్రతి హాస్టల్‌కూ పూర్తికాలం వార్డెన్ ఉండాలి. క్రమశిక్షణ చూసుకోవడం ఒక్కటే వస్తే చాలదు, క్లాసు బయట పిల్లలతో మాట్లాడటం, ధైర్యం చెప్పడం తెలిసినవారై ఉండాలి. హాస్టల్‌లోనే, కుదరకపోతే పక్కనే కాపురముండాలి. ఏ వేళ ఫోన్ చేసినా పలకాలి. ఫిర్యాదు చేసిన విద్యార్థి పేరు బయటికి పొక్కకూడదు, చెప్పిన కారణంగా వారికి ఏ కీడూ జరగకూడదు. ఇన్ని రాసిన ఆ నిబంధనల్లోంచి మనం శ్రద్ధగా పట్టుకున్నది అడ్మిషన్ నాడు విద్యార్థితో, తల్లిదండ్రులతో ఇప్పించే అఫిడవిట్‌ను. అది కాగితంతో అయిపోయే పని. పూర్తికాలం వార్డెన్ అంటే ఒక పోస్టు, జీతం, క్వార్టరు.

2015 జూలైలో ఆచార్య నాగార్జున యూనివర్సిటీ హాస్టల్‌లో ఆర్కిటెక్చర్ చదువుతున్న అమ్మాయి ప్రాణం తీసుకున్నప్పుడు రాష్ట్రమంతా కదిలింది. సీనియర్ల వేధింపుల గురించి ఆమె రాసి పెట్టింది. అప్పటికి మనకు చట్టం లేక కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1997లోనే ర్యాగింగ్ నిషేధ చట్టం చేసుకుంది. ఫిర్యాదు అందినా చర్య తీసుకోని విద్యాసంస్థ అధిపతి ఆ నేరానికి తోడ్పడినట్టేనని అందులో స్పష్టంగా ఉంది. ఇంత పదునున్న చట్టం ఎక్కడ ఆగిపోతోంది? ఫిర్యాదు అందడం దగ్గరే. పిల్లలు చెప్పరు. చెప్పలేదు కాబట్టి "మా క్యాంపస్‌లో ర్యాగింగ్ లేదు" అని ఏటా నివేదిక పైకి వెళ్తుంది. అలాంటి నివేదికలు చదివినప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. వందల మంది పిల్లలుండే హాస్టల్ నుంచి ఏడాదంతా ఒక్క ఫిర్యాదూ రాలేదంటే అక్కడికి ఎవరినైనా పంపి విచారించాలి, మెచ్చుకోలు ఉత్తరం పంపకూడదు.

వినే మనిషి మీద నమ్మకం కుదరనప్పుడు అనుమానం ఎంత దూరం పోతుందో 2024 ఆగస్టు చివర్లో గుడ్లవల్లేరు ఇంజినీరింగ్ కాలేజీ దగ్గర చూశాం. హాస్టల్ బాత్రూముల్లో రహస్య కెమెరాలున్నాయన్న మాట పాకి, ఆడపిల్లలు రాత్రివేళ బయటికి వచ్చి న్యాయం కావాలని నినదించారు. వెతికితే కెమెరాలు దొరకలేదని పోలీసులు తర్వాత చెప్పారు. దాంతో చాలామంది ఇదంతా ఊరికే గోల అని తేల్చేశారు. నేనలా అనుకోను. స్నానానికి వెళ్లిన పిల్ల నాలుగు మూలలూ తడుముకుని చూసుకోవలసి రావడమే పెద్ద బాధ. ఏ కాలేజీలోనైనా సరే, అనుమానం వచ్చిన రోజే వెళ్లి చెప్పుకోగలిగిన మనిషి ఒకరుండి, ఆ సాయంత్రమే పిల్లల్ని వెంటబెట్టుకుని బాత్రూములన్నీ తెరిచి చూపిస్తే, అర్ధరాత్రి రోడ్డెక్కాల్సిన అవసరం రాదు.

2025 జూలై 25న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు మన నేల మీది కేసులోనే వచ్చింది. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటూ హాస్టల్‌లో ఉన్న 17 ఏళ్ల అమ్మాయి 2023లో చనిపోయింది. తండ్రి ఢిల్లీ దాకా వెళ్లి పోరాడాడు. దర్యాప్తును సీబీఐకి అప్పగిస్తూ కోర్టు దేశంలోని విద్యాసంస్థలకు 15 మార్గదర్శకాలు ఇచ్చింది. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న చోట శిక్షణ పొందిన కౌన్సెలర్ గానీ, సైకాలజిస్టు గానీ, సోషల్ వర్కర్ గానీ ఒక్కరైనా ఉండాలి. బోధన, బోధనేతర సిబ్బంది అందరికీ ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. టెలీ మానస్ లాంటి హెల్ప్‌లైన్ల నంబర్లు హాస్టళ్లలో పెద్ద అక్షరాలతో రాసిపెట్టాలి. హాస్టళ్లలో ఫ్యాన్లు మార్చాలి, మేడ మీదికి దారులు కట్టడి చేయాలి. జాతీయ నేర నమోదు సంస్థ లెక్కల్లో 2023లో ఆత్మహత్య చేసుకున్న విద్యార్థులు 13,892 మంది. రోజుకు 38 మంది బిడ్డలు. ఆ అంకె చూశాక ఈ మార్గదర్శకాల్లో ఏ ఒక్కటీ ఎక్కువనిపించదు.

నా భయం వేరే ఉంది. ఫ్యాన్లు టెండరుతో వస్తాయి. మనుషులు అలా రారు. నేనెరిగిన ఒక క్యాంపస్‌లో కౌన్సెలర్‌ను పెట్టారు. వారానికి రెండు మధ్యాహ్నాలు వస్తారు. గది ఎక్కడిచ్చారంటే పరిపాలనా భవనంలో, ఎగ్జామినేషన్ సెక్షన్ పక్కన, తలుపు మీద పెద్ద బోర్డుతో. ఫీజు కట్టడానికి క్యూలో నిలబడ్డ క్లాసంతా చూస్తుండగా ఆ తలుపు తోసుకుని లోపలికి ఏ పిల్ల వెళ్తుంది? ఆ గదిని హెల్త్ సెంటర్‌లోకి మార్చండి. జ్వరం మాత్రకు వచ్చినట్టే వచ్చి కలుస్తారు. వేళను సాయంత్రం ఏడు నుంచి తొమ్మిదికి మార్చండి. హాస్టల్ పిల్లలకు దిగులు ఎక్కువయ్యేది ఆ వేళలోనే. టెలీ మానస్ 14416కు రాత్రీ పగలూ ఎప్పుడైనా చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. ఆ నంబరు నోటీసు బోర్డు మీద కాకుండా ప్రతి గది తలుపు లోపలివైపు ఉండాలి, ఒంటరిగా ఉన్నప్పుడు కంటపడేలా.

మా హాస్టల్‌లో ఒక ఆయా ఉండేది. అక్షరం ముక్క రాదు. ఏజెన్సీ ఇచ్చే జీతం, అదీ నెలల తరబడి ఆలస్యంగా. ఎవరు రెండు పూటలుగా ప్లేటు పట్టుకోలేదో, ఎవరు తల దువ్వుకోవడం మానేశారో, తెల్లవారుజామున వరండాలో ఒక్కతీ తిరుగుతున్న పిల్ల ఎవరో ఆమెకు తెలుసు. "అమ్మా, పైన మూలగది పాప అన్నం తింటం లేదు. ఒకపాలి వచ్చిపోండి" అని ఆమె ఫోన్ చేస్తే నేను ఉన్నపళంగా బయల్దేరేదాన్ని. ఆమె మాట ఎన్నడూ తప్పలేదు. యూనివర్సిటీ జరిపించిన ఏ వర్క్‌షాపుకూ ఆమెను పిలవలేదు. బోధనేతర సిబ్బంది అని కోర్టు రాసిన మాటకు అర్థం సూపరింటెండెంట్లు, సీనియర్ అసిస్టెంట్లు మాత్రమే కాకూడదు. ఆయాలు, వాచ్‌మన్లు, మెస్‌లో వడ్డించేవాళ్లు ఆ శిక్షణలో ముందు వరసలో కూర్చోవాలి, ఆ రోజు కూలి పోకుండా.

మగపిల్లల హాస్టళ్లలో ఆ ఆయా కూడా ఉండదు. వాళ్లకు ఔట్‌పాస్ లేదు, వేళకు రావాలన్న నియమం లేదు. ఆ స్వేచ్ఛ ఆడపిల్లలకూ ఉండాలని కోరుకునేదాన్ని. కానీ రెండు రోజులుగా ఒక కుర్రాడి తలుపు తెరుచుకోకపోతే తట్టి చూసే పెద్దమనిషి ఆ కారిడార్లో ఎవరు? సప్లిమెంటరీలు పేరుకుపోయి, స్నేహితులు ప్లేస్‌మెంట్లతో వెళ్లిపోయి, ఊరికి ఏ ముఖం పెట్టుకుని వెళ్లాలో తెలియక హాస్టల్‌లోనే ఉండిపోయే కుర్రాళ్లు ప్రతి యూనివర్సిటీలోనూ ఉన్నారు. వాళ్ల గురించి ఏ కమిటీకీ పట్టింపు లేదు.

కొత్తగా చేరిన పిల్లల్ని ముందు ఊరు అడుగుతారు, తర్వాత ఇంటిపేరు, ఆపైన ర్యాంకు. ఆ మూడూ తెలిస్తే కులం తెలిసినట్టే. అక్కడి నుంచి పక్కన కూర్చునేవాళ్లు తగ్గుతారు. ఈ వివక్షను అరికట్టడానికి సమాన అవకాశాల సెల్, వివక్ష నిరోధక అధికారి ఉండాలని యూజీసీ 2012లోనే నిబంధన పెట్టింది. తమ క్యాంపస్‌లో ఆ అధికారి ఎవరో ఎంతమంది విద్యార్థులు చెప్పగలరు? 2016 జనవరి 17న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో పరిశోధక విద్యార్థి రోహిత్ వేముల చనిపోవడానికి ముందు అతన్నీ, మరో నలుగురినీ హాస్టల్ నుంచి పంపేశారు. వాళ్లు ఆ చలిలో క్యాంపస్‌లోనే టెంటు వేసుకున్నారు. తోటివాళ్లకు ప్రమాదమైతే తప్ప, విద్యార్థి నిలువనీడను తీసేయడం శిక్ష కాకూడదు. మెస్ బకాయిలున్నవాళ్ల పేర్లు భోజనాల హాలు గోడకు అతికించడమూ మానుకోవాలి. ఫీజు రీయింబర్స్‌మెంట్ సొమ్ము రాకపోవడం ఆ పిల్ల తప్పు కాదు.

ఇక ఇంటికి ఫోన్ చేసే సంగతి. దీనికి రాతపూర్వకమైన నియమం కావాలి. ప్రాణానికి ముప్పుంటే ఇంటికి చెప్పి తీరాలి. అదైనా పిల్లకు ముందు చెప్పి, వీలైతే పిల్ల చేతనే మాట్లాడించి. పదో తరగతి కాగానే చేరే నూజివీడు, ఇడుపులపాయ, బాసర ట్రిపుల్ ఐటీల్లో మొదటి ఏళ్లలో పిల్లలు మైనర్లు, అక్కడి పద్ధతి వేరు. లైంగిక నేరం తెలిస్తే పోలీసులకు చెప్పాలని 2012 నాటి పోక్సో చట్టమే నిర్బంధిస్తోంది. మిగిలిన విషయాల్లో, 18 నిండిన విద్యార్థి ఒప్పుకోనిదే యూనివర్సిటీ ఇంటికి ఫోన్ చేయకూడదు. "ఇంట్లో చెప్తాను జాగ్రత్త" అని బెదిరించడాన్ని సిబ్బంది తప్పుగా నమోదు చేయాలి.

మా బిడ్డ సంగతి మాకే చెప్పరా అని తల్లిదండ్రులు అడుగుతారు. అడగాల్సిందే. బస్టాండ్ నుంచి వెంటపడ్డవాడి విషయంలో నేను ఇంటికి ఫోన్ చేయలేదు. అంతర్గత ఫిర్యాదుల కమిటీకి ఆ పిల్ల చేత కాగితం రాయించాను, విచారణ రోజు పక్కనే కూర్చున్నాను. వాడికి శిక్ష పడింది, దారి మార్చుకున్నాడు. సంక్రాంతి సెలవులకు ఇంటికెళ్లినప్పుడు ఆ పిల్లే అమ్మకు అంతా చెప్పింది. ఆ తల్లి నాకు ఫోన్ చేసి "అప్పుడే మాకెందుకు చెప్పలేదు మేడం గారూ" అని కోపంగా అడిగింది. "చదువు మాన్పిస్తారని భయపడిందమ్మా" అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "మాన్పించేవాళ్లమే" అంది.

రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ హాస్టల్‌కొక పూర్తికాలం వార్డెన్ పోస్టును మంజూరు చేయాలి. సోషల్ వర్క్‌లోనో సైకాలజీలోనో పీజీ చేసి ఉద్యోగం లేక తిరుగుతున్న మన పిల్లలే ఎందరో ఉన్నారు. వాళ్లను తీసుకోండి. పాఠం చెప్పించకండి, పరీక్షలకు పంపకండి, మార్కులతో ఏ సంబంధమూ పెట్టకండి. ఇది వైస్ ఛాన్సలర్లు అడిగితే వచ్చేది కాదు, తల్లిదండ్రులు అడిగితే వస్తుంది. ఎప్‌సెట్ కౌన్సెలింగ్ అయి పిల్లల్ని దింపడానికి వెళ్లినప్పుడు గదికి ఏసీ ఉందా, మెస్‌లో కూరలేమిటి అన్నవి తర్వాత చూసుకోవచ్చు. ముందు హాస్టల్ ఆఫీసులో మూడు పేర్లు అడగండి. రాత్రిపూట ఈ భవనంలో ఉండే పెద్దమనిషి ఎవరు, కౌన్సెలర్ ఎవరు, ఫిర్యాదుల కమిటీకి పెద్ద ఎవరు? పేర్లూ నంబర్లూ కాగితం మీద రాయించుకోండి. ఇంటికి చేరాక, ఆ రాత్రి పదింటికి, మొదటి నంబరుకు ఒకసారి ఫోన్ చేసి చూడండి.