కాంటా మీద పుస్తకాల సంచి

మొన్న సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు, పత్తి ఏరినవాళ్లకు కూలి లెక్కగట్టే కాంటాకు మా తమ్ముడి పుస్తకాల సంచి తగిలించి చూశాను. 6.5 కిలోలు! వాడు చదివేది 5వ తరగతి, వాడి బరువు 27 కిలోలు. ‘అదే పత్తి అయితే కూలి పైసలన్నా వచ్చేవి’ అని మా నాయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

3 నుంచి 5వ తరగతి దాకా సంచి బరువు 2-3 కిలోలకు మించరాదని 2017లో తెలంగాణ ప్రభుత్వం చెప్పింది. ఒంటి బరువులో పదో వంతు చాలని 2020 నాటి కేంద్ర విధానం. మావాడు మోస్తున్నది దాదాపు నాలుగో వంతు!

బరువు మోయడం మన ప్రాంతానికి కొత్తగాదు. కావడి మోసేవాడు రెండు వైపులా సమంగా వేసుకుంటాడు. బొగ్గుబాయిలో దిగే కార్మికులు క్యాప్ ల్యాంపు బ్యాటరీని నడుముకు బెల్టుతో బిగించుకునేవారు, భుజానికి తగిలించుకోలేదు. పిల్లవాడేమో సంచిని ఒక్క భుజానికి వేసుకొని ఓ పక్కకు ఒరిగి నడుస్తాడు. రెండు భుజాలకు వేసినా పట్టీలు వదులైతే సంచి పిర్రల మీదికి జారి వెనక్కి లాగుతుంది, వాడు ముందుకు వంగుతాడు. బరువు వెన్నుకు ఎంత దూరమైతే లాగుడు అంత ఎక్కువ. ఇది మనం ఇంటర్‌లో చదివిన భౌతికశాస్త్రమే గదా!

తప్పు మనదీ ఉంది. రెండేండ్లు రావాలని పెద్ద సంచి కొంటాం. చోటుంటే పుస్తకాలు నిండకుండా ఉంటాయా? సంచి వాడి వీపు వెడల్పు మించరాదు. పట్టీలు వెడల్పుగా, మెత్తగా ఉండాలి, అడుగు నడుము దగ్గరే ఆగేటట్టు బిగించాలి. లావు పుస్తకాలు వీపుకు ఆనించి సర్దాలి.

సంచి వల్లనే నడుము నొప్పి వస్తుందా అంటే పరిశోధకుల్లో ఏకాభిప్రాయం లేదు, ఒప్పుకుంటాను. అంతమాత్రాన పసివాణ్ణి వంగి నడవమందామా? ఆర్.కె. నారాయణ్ 1989లో రాజ్యసభలో ఈ సంచుల గురించే మాట్లాడారు. 1993లో యశ్‌పాల్ కమిటీ నివేదిక ఇచ్చింది. ఉత్తర్వులకు కొదువ లేదు, తూచేవాడే లేడు.

అందుకే మన యూనియన్‌కు నాదొక మాట. ఒక శనివారం పొద్దున గోదావరిఖనిలో ఏదైనా బడి గేటు దగ్గర నిలబడి, హెడ్మాస్టరు అనుమతితో ప్రతి సంచీ తూచి, ఆ అంకె పిల్లల డైరీలో రాసి ఇంటికి పంపుదాం. కాంటా నేను తెస్తాను.