దారికడ్డంగా శుభాకాంక్షలు

తప్పు జరిగిన చోట ఫొటో, పేరు, హోదా, ఒక్కోసారి సెల్‌ నంబరు కూడా దొరికే వ్యవహారం మన ఊళ్లలో ఒక్కటే ఉంది. అనుమతి లేకుండా రోడ్డు మీద ఫ్లెక్సీ కట్టడం! వేలిముద్రలు తీయనక్కర్లేదు. పోలీసు కుక్కను పిలవనక్కర్లేదు. అయినా బాధ్యుడు మాత్రం దొరకడు. నిండా నవ్వుతూ చేతులు జోడించి నిలబడ్డ నాయకుణ్ని అడిగితే, ''అభిమానులు కట్టుకున్నారండీ, నాకేం తెలుసు!'' అంటాడు. ఆ అభిమానుల ఫొటోలు కూడా కింద వరసగా స్టాంపు సైజులో ఉంటాయి. వాళ్లూ దొరకరు.

ఏ సెంటరుకైనా, ఏ చౌరస్తాకైనా వెళ్లి ఒక్క నిమిషం తల ఎత్తి చూడండి. పుట్టినరోజు శుభాకాంక్షలు, పదవి వచ్చినందుకు అభినందనలు, పదవి ఇప్పించినందుకు కృతజ్ఞతలు, సంవత్సరీకపు శ్రద్ధాంజలి, ఓణీల ఫంక్షనుకు స్వాగతం, ఐఐటీ ర్యాంకులు, చీరల మీద 50 శాతం తగ్గింపు... అన్నీ కలిసి ఒకే డివైడరు మీద కాపురం చేస్తుంటాయి. వాటి వెనకాల ఎక్కడో సిగ్నల్‌ లైటు ఉంటుంది. ఎరుపో పచ్చో ముందు బండివాడు కదిలితేనే తెలుస్తుంది. ఆసుపత్రికి దారి చూపే బోర్డు మీద ఎవరి మీసమో వచ్చి పడుతుంది. పండగ మూడు రోజులకు అయిపోతుంది. ఫ్లెక్సీ మాత్రం తర్వాతి పండగ దాకా వేలాడుతూనే ఉంటుంది.

ఇదంతా చిరాకు వరకే అయితే ఒక ఆదివారం నవ్వుకుని వదిలేయొచ్చు. కానీ ఈ గుడ్డముక్కల కింద మనుషులు పోతున్నారు.

నిజానికి ఇవి గుడ్డముక్కలు కావు. అక్కడే ఉంది తంటా. ఒకప్పుడు బ్యానరంటే నూలుగుడ్డ. పెయింటరు దగ్గరికి వెళ్లి చెబితే రెండు రోజులు గడువడిగి, నీలం, ఎరుపు రంగులతో అక్షరాలు దిద్ది ఇచ్చేవాడు. రోడ్డుకు అడ్డంగా కట్టేముందు మధ్యమధ్యలో అర్ధచంద్రాకారంలో కత్తిరించేవారు. గాలి ఆ కంతల్లోంచి వెళ్లిపోవాలని! మరీ పెద్ద గాలొస్తే చిరిగి ఊరుకునేది. ఫ్లెక్సీ అలా కాదు. పాలిస్టరు దారాల నేత మీద రెండువైపులా పీవీసీ ప్లాస్టిక్‌ పూత. గాలి దూరదు, త్వరగా చిరగదు, వానకు నానదు. పైగా గంటలో ముద్రించి చేతిలో పెడతారు. 2000 తర్వాత ఈ యంత్రాలు చిన్న పట్టణాలకు కూడా వచ్చేసరికి పెయింటరు కుంచె మూలపడింది. ఆలోచించుకోవడానికి ఉన్న ఆ రెండు రోజుల గడువూ పోయింది. సాయంత్రం ఆలోచన వస్తే రాత్రికల్లా రోడ్డు మీద ఉంటోంది.

ఇక చిన్న లెక్క చూద్దాం. ఇంట్లో ఇంటర్‌ చదివే పిల్లలుంటే వాళ్లకే ఇవ్వండి. 10 అడుగుల ఎత్తు, 20 అడుగుల వెడల్పు ఫ్లెక్సీ అంటే 200 చదరపు అడుగులు. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో ఎదురుగాలి కొడితే దాని మీద పడే తోపు దాదాపు 220 కిలోల బరువుకు సమానం. మరి గాలి వేగం రెట్టింపై 100 కిలోమీటర్లయితే? తోపు రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది. అంటే 880 కిలోల దగ్గర. దాన్ని ఆపడానికి మనం పెట్టేదేమిటి? నాలుగు సరుగుడు కర్రలు, డివైడరు మీది మట్టిలో జానెడు గుంత, కరెంటు స్తంభానికి రెండు చుట్లు కట్టుతీగ. మే నెలలో సాయంత్రం పూట వచ్చే ఈదురుగాలికి ఇది చాలదని చెప్పడానికి ఇంజినీరు అవసరం లేదు.

2019 సెప్టెంబరు 12న చెన్నైలోని పల్లికరణైలో జరిగింది ఇదే. అప్పటి అధికార పార్టీ స్థానిక నాయకుడి ఇంట్లో పెళ్లి. డివైడరు మీద స్వాగత బ్యానర్లు. అందులో ఒకటి ఊడి, స్కూటరు మీద వెళ్తున్న 23 ఏళ్ల సాఫ్ట్‌వేర్‌ ఇంజినీరు మీద పడింది. ఆ అమ్మాయి అదుపు తప్పి కింద పడింది. వెనకే వస్తున్న ట్యాంకరు లారీ ఆగలేకపోయింది. ఆ పెళ్లి ఎవరిదో, ఆ నవ్వులు ఎవరివో ఆ అమ్మాయికి తెలిసే అవకాశమే లేదు.

పెద్ద హోర్డింగుల సంగతి ఇంకా భయంకరం. 2024 మే 13న ముంబయిలోని ఘాట్కోపర్‌లో దుమ్ముగాలికి ఒక హోర్డింగు పెట్రోలు బంకు మీద కూలి 17 మంది చనిపోయారు. అక్కడ కార్పొరేషన్‌ ఒప్పుకునే గరిష్ఠ కొలత 40 అడుగుల పొడవు, 40 అడుగుల వెడల్పు. అది 120కి 120 ఉంది. విస్తీర్ణంలో తొమ్మిది రెట్లు! అంత పెద్దది రాత్రికి రాత్రి మొలవలేదు కదా. అందరి కళ్లముందే లేచింది.

అంత దూరం ఎందుకు, మన దగ్గరికే వద్దాం. 2020 సెప్టెంబరు 1 రాత్రి చిత్తూరు జిల్లా శాంతిపురం మండలంలో అభిమాన హీరో పుట్టినరోజుకు బ్యానరు కడుతూ ముగ్గురు కుర్రాళ్లు కరెంటు షాక్‌తో పోయారు. 2023 జులైలో పల్నాడు జిల్లా నరసరావుపేట మండలంలో మరో హీరో పుట్టినరోజుకు ఫ్లెక్సీ కడుతూ ఇద్దరు కాలేజీ విద్యార్థులు. 2024 నవంబరులో తూర్పుగోదావరి జిల్లా ఉండ్రాజవరం మండలం తాడిపర్రులో విగ్రహావిష్కరణకు ఫ్లెక్సీ కడుతూ నలుగురు. మూడు సంఘటనల్లో తొమ్మిది ప్రాణాలు. ఆ మధ్యలోనే, 2024 జనవరిలో, పక్కనున్న కర్ణాటకలోని గదగ్‌ జిల్లాలో హీరో కటౌటు నిలబెడుతూ ముగ్గురు.

ఈ ప్రమాదాలు జరిగే తీరు దాదాపు ఒక్కటే. ఫ్లెక్సీని బిగించేది ఇనుప ఫ్రేముకు. ఎత్తేది చీకట్లో, హడావిడిగా, నలుగురైదుగురు కలిసి. పైన కరెంటు తీగలు. నిలువుగా లేపేటప్పుడు ఫ్రేము కొస ఒక్కసారి ఊగి తీగను తాకితే చాలు, పట్టుకున్న వాళ్లందరి ఒంట్లోంచీ కరెంటు భూమిలోకి దిగుతుంది. అందుకే ఒకరు కాదు, ముగ్గురు నలుగురు ఒకేసారి పోతున్నారు. ఫ్లెక్సీలో బొమ్మ ఉన్నవాళ్లు ఎప్పుడూ నిచ్చెన ఎక్కరు. ఎక్కేది కింద స్టాంపు సైజులో ఉన్న పిల్లలు. కొందరికైతే ఆ స్టాంపు సైజు కూడా దక్కదు.

మరి చట్టాలు లేవా అంటే, బోలెడున్నాయి. బహిరంగ ప్రదేశాలను అందవికారం చేయకూడదని, అసభ్య పోస్టర్లు అతికించకూడదని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997లోనే ఒక చట్టం వచ్చింది. 2020 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం 68వ నంబరు జీవో ఇచ్చి హైదరాబాద్‌లో నేల నుంచి 15 అడుగుల ఎత్తు దాటి ప్రకటన బోర్డులు ఉండకూడదంది. 2022 ఆగస్టులో అప్పటి ఆంధ్రప్రదేశ్‌ ముఖ్యమంత్రి జగన్‌మోహన్‌రెడ్డి విశాఖపట్నంలో ప్లాస్టిక్‌ ఫ్లెక్సీల నిషేధం ప్రకటించారు. నవంబరు 1 నుంచి అన్నారు. ముద్రణదారులు గడువు కోరడంతో అది 2023 జనవరి 26కు జరిగింది. పైన చెప్పిన నరసరావుపేట, తాడిపర్రు విషాదాలు రెండూ ఆ తేదీ తర్వాతివే. జీవోలు కాగితం మీద ఉంటాయి. ఫ్లెక్సీలు స్తంభాల మీద ఉంటాయి. రెండూ ఒకదాన్నొకటి చూసుకోవు.

తమిళనాడు కథ ఇంకా చిత్రం. బతికున్న వాళ్ల ఫొటోలు బ్యానర్ల మీద వేయకూడదని 2017 అక్టోబరులో మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి ఒకరు ఆదేశించారు. ఆ తీర్పు ఎంతోకాలం నిలవలేదు, అదే కోర్టులో ధర్మాసనం కొట్టేసింది. 2018 డిసెంబరులో హైకోర్టు మళ్లీ బ్యానర్ల మీద ఆంక్ష పెట్టింది. 2019 సెప్టెంబరులో పల్లికరణై ఘటన. అప్పుడు పార్టీలు, సినీతారలు ''మా కోసం బ్యానర్లు కట్టొద్దు'' అని అభిమానులను వేడుకున్నారు. అంతా మారిందనుకున్నాం. నెల తిరక్కుండానే, మామల్లపురంలో మోదీ, జిన్‌పింగ్‌ భేటీకి స్వాగత బ్యానర్లు కట్టుకోనివ్వండి అంటూ రాష్ట్ర ప్రభుత్వమే కోర్టు మెట్లెక్కింది!

అలాగని తీసేయడం చేతకాని పనేం కాదు. 2018 ఆగస్టు 1న కర్ణాటక హైకోర్టు గట్టిగా నిలదీసేసరికి బెంగళూరు కార్పొరేషన్‌ సిబ్బంది పరుగులు పెట్టి వేలకొద్దీ ఫ్లెక్సీలు పీకేశారు. అంతకంటే మంచి ఉదాహరణ మన ఊళ్లోనే ఉంది. ఎన్నికల షెడ్యూలు వెలువడగానే ఏం జరుగుతుందో గమనించారా? ప్రభుత్వ కార్యాలయాల ఆవరణల్లో 24 గంటల్లో, రోడ్లూ బస్టాండ్లలాంటి బహిరంగ స్థలాల్లో 48 గంటల్లో, అనుమతి లేకుండా ప్రైవేటు స్థలాల్లో ఉన్నవైతే 72 గంటల్లో తొలగించాలన్నది ఎన్నికల సంఘం నియమం. మూడు రోజుల్లో ఊరు ముఖం కడుక్కున్నట్టు అవుతుంది. అదే సిబ్బంది, అవే నిచ్చెనలు, అవే ట్రాక్టర్లు. అయిదేళ్లలో చేతకానిది మూడు రోజుల్లో ఎలా అయింది? ఆ మూడు రోజులూ కార్పొరేషన్‌ ఉద్యోగికి ''ఎవరి ఫ్లెక్సీ మీద చెయ్యేశావో తెలుసా?'' అని ఫోన్‌ రాదు. తేడా అంతే.

ఇంకోవైపు కూడా చూడాలి. ఫ్లెక్సీ ముద్రించే కుర్రాడు అప్పుచేసి యంత్రం కొన్నాడు. వీధి చివర ట్యూషన్‌ చెప్పే టీచరుకు, కొత్తగా టిఫిన్‌ సెంటరు పెట్టినామెకు టీవీలో ప్రకటన ఇచ్చే స్తోమత లేదు. వార్డు ఎన్నికల్లో నిలబడే పేద అభ్యర్థికీ తన ముఖం పదిమందికి చూపించే దారి కావాలి. అందుకే ''అన్నీ నిషేధించండి'' అనడం తేలిక, న్యాయం కాదు. బ్రెజిల్‌లోని సావోపాలో నగరం 2007 జనవరి 1 నుంచి బహిరంగ ప్రకటనలన్నిటినీ నిషేధించింది. సుమారు 15 వేల హోర్డింగులు దిగిపోయాయి. మరుగునపడ్డ పాత కట్టడాలూ, మురికివాడలూ ఒకేసారి బయటపడ్డాయి. కొన్నేళ్లకు ఆ ఊరు కూడా బస్‌షెల్టర్ల మీద, వీధి గడియారాల మీద మాత్రం ప్రకటనలకు చోటిచ్చింది. చోటు చూపించి, హద్దు గీయడమే చివరికి నిలబడే పద్ధతి.

మనకూ అదే చాలు. వార్డుకు రెండో మూడో చోట్ల కార్పొరేషనే గట్టి పునాదితో బోర్డులు నిలబెట్టి రోజుకింత అని అద్దెకివ్వొచ్చు. కరెంటు తీగల కింద, డివైడర్ల మీద, మలుపుల్లో, సిగ్నళ్ల దగ్గర ఏదీ కట్టకూడదని ఒకే గీత గీయొచ్చు. ఎన్నికల కరపత్రాల మీద ముద్రించినవారి పేరు, వేయించినవారి పేరు ఉండాలని ప్రజాప్రాతినిధ్య చట్టం చెబుతోంది. ఆ నియమాన్నే ప్రతి ఫ్లెక్సీకీ పెడితే? కింద మూలన వేయించినవారి పేరు, అనుమతి నంబరు, దించాల్సిన తేదీ. ఆ మూడూ లేనిది ముద్రిస్తే ముద్రించినవారిదే పూచీ. ముందుగా కొంత డిపాజిట్‌ కట్టించుకుని, గడువులోగా దించితే తిరిగిచ్చేస్తే, దించే పని కట్టినవాళ్లే చూసుకుంటారు. అప్పుడు ''నాకేం తెలుసు'' అనే మాటకు చోటుండదు.

దించాక ఏం చేయాలన్నది మరో బెడద. కొన్ని ఫ్లెక్సీలు గుడిసెల మీద కప్పుగా, ధాన్యం మీద పట్టాగా రెండో జన్మ ఎత్తుతాయి. అది మంచిదే. మిగిలినవి కాలవల్లో చేరతాయి, లేదా చెత్తకుప్పలో తగలబడతాయి. పీవీసీ కాలితే వచ్చే పొగలో హైడ్రోజన్‌ క్లోరైడ్‌ ఉంటుంది, డయాక్సిన్లూ పుడతాయి. శుభాకాంక్షలు చెప్పినవారెవరో గానీ, ఆ పొగ పీల్చేది ఆ వీధివాళ్లే.

అన్నట్టు, తప్పంతా నాయకుల మీదికి తోసేసి మనం చేతులు దులుపుకోవడానికీ లేదు. అమ్మాయి పెళ్లికి వీధి మొదట్లో ఆర్చీ, తాతగారి పెద్దకర్మకు సెంటరులో నిలువెత్తు ఫొటో, బాబు మొదటి పుట్టినరోజుకు మూడు స్తంభాలకు మూడు బ్యానర్లు. ఇవి వేయించేది మనలాంటి ఇళ్లవాళ్లే. మండపం గేటు లోపల ఎంత పెద్దది కట్టుకున్నా అడిగేవాళ్లు లేరు. రోడ్డు మీద కట్టేముందు మాత్రం, అది ఎవరి నెత్తిన పడగలదో ఒకసారి చూసుకోవాలి.

మరొక్క మాట, ముఖ్యంగా కాలేజీ వయసు పిల్లలున్న తల్లులకూ తండ్రులకూ. రేపు ఏ హీరోదో, ఏ అన్నదో పుట్టినరోజు. రాత్రి పదకొండింటికి మీవాడు చెప్పులేసుకుని ''ఇప్పుడే వస్తానమ్మా'' అంటూ బయల్దేరతాడు. ఎక్కడికిరా అని అడగండి. ఫ్లెక్సీ కట్టడానికని చెబితే, పైన తీగలున్నాయేమో అడగండి. ఫ్రేము ఇనుముదా, కర్రదా అడగండి. ''పొద్దున వెలుగులో కట్టుకోవచ్చు, ఇప్పుడు లోపలికి రా'' అనండి. విసుక్కుంటాడు, అలుగుతాడు, అన్నం మానేస్తాడు. మానేయనివ్వండి. పొద్దున్నే ఆకలేసి వాడే లేచి అడుగుతాడు.