చక్రం చెప్పే మాట

వేగానికై నిర్మించిన కారులో ముందు చక్రం నుండి సన్నని హోరు వినిపిస్తే, రేడియో శబ్దం పెంచి ఊరుకోవడం ప్రమాదకరమైన ఉపేక్ష. మలుపులో భారం వెలుపలి చక్రాలపైకి మళ్లుతుంది; వేగం హెచ్చేకొద్దీ అది మరింత పెరుగుతుంది. కనుక ఎడమకు తిరిగినప్పుడు హోరు హెచ్చితే, ముందుగా కుడి బేరింగును శంకించాలి. రోడ్డు మారగానే ధ్వని మారితే దోషం టైరుది కావచ్చు. జాకీపై ఎత్తి, చక్రాన్ని చేతితో తిప్పినప్పుడు గరగర తగిలితే అనుమానం బలపడుతుంది. చక్రంలో ఊగులాట లేనంతమాత్రాన బేరింగు బాగున్నట్లు కాదు.

మార్చేటప్పుడు బలం కన్న వివేకం ముఖ్యం. గూటిలోకి నొక్కి అమర్చే రకమైతే, ఒత్తిడి వెలుపలి వలయంపైనే పడాలి. లోపలి వలయాన్ని నొక్కితే ఉక్కు గోళీలు తాము దొర్లే దారిలోనే గుంటలు చేస్తాయి; కొత్త బేరింగు ఆనాడే చెడుతుంది. నట్టును తయారీదారు నిర్ణయించిన మేరకే టార్క్ రెంచితో బిగించాలి.

లిథియం గ్రీజును చిక్కబరచే సబ్బుకు సాధారణంగా మూలం ఆముదమే. అంటే అది మన కందెనకు వారసురాలు. మూసివేసిన నేటి బేరింగుకు కందెన పెట్టే వీలు లేదు, మార్చడమే మార్గం. అయినా ఇరుసు కిర్రుమనగానే బండి ఆపిన రైతు వివేకం, కుటుంబాన్ని కూర్చోబెట్టుకుని కారు నడిపే అతని సంతానానికీ అవసరమే.